హెరాల్డ్ 948కి ట్విన్ ఎస్‌యూ, ముందు డిస్కులు: ఏ పని ముందు, ఏది తర్వాత? (చెన్నై)

క్రోంపేట_948:

నమస్కారమండి. 1967 స్టాండర్డ్ హెరాల్డ్, రెండు తలుపుల బండి. ఇంజను 948 సీసీ, ఒకే సోలెక్స్ కార్బ్యురేటరు, నాలుగు వైపులా డ్రమ్ము బ్రేకులే. ఆర్‌సీలోని ఇంజను, ఛాసిస్ నంబర్లు బండి మీదవాటితో కలిశాయి. ఛాసిస్ పక్క చేతులకు కొత్త రేకు వెల్డింగ్ అయి ఉంది, తలుపుల సందులు సమానంగానే ఉన్నాయి.

వాడకం ఆదివారం తెల్లవారుజామున ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద మహాబలిపురం దాకా, ఏడాదికి ఒకట్రెండు సార్లు ఏలగిరి ఘాట్. ట్రయంఫ్ వాళ్ల స్పిట్‌ఫైర్‌లా (ఇదే కుటుంబపు రెండు సీట్ల స్పోర్ట్స్ కారు) చురుగ్గా పోవాలని ఉంది. ఒకటింపావు అంగుళం ఎస్‌యూ కార్బ్యురేటర్ల జత ఇన్‌టేక్ మానిఫోల్డుతో సహా ఒకచోట దొరుకుతోంది. అది ముందు కొనేయనా? డిస్కులు వేయాల్సిందేనా, డ్రమ్ములు చాలవా? వెనక కమాన్ కట్ట దిగిపోయి చక్రాల పైభాగం లోపలికి వాలింది. రెండు పట్టీలు అదనంగా వేసి లేపేద్దామని మెకానిక్ అంటున్నాడు. టైరు షాపులో స్విఫ్ట్ అలాయ్‌లు పట్టిస్తామన్నారు. మారుతీ ఎస్టీమ్ ఇంజను పెట్టేస్తే ఈ గొడవే ఉండదని చెప్పేవాళ్లూ ఉన్నారు.

ఇంకొక చిన్న విషయం. సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కి పట్టుకుంటే ఐడిలింగ్ కాస్త పడుతోంది. సోలెక్స్ అరిగిందనుకుంటున్నాను.

కొరట్టూరు_లేత్:

చిన్న విషయం అన్నారే, మీ పోస్టులో అన్నిటికంటే పెద్దది అదే. కార్బ్యురేటర్ల సంగతి పక్కన పెట్టి ముందు క్రాంక్ ఎండ్‌ఫ్లోట్, అంటే క్రాంక్ షాఫ్టు ముందుకూ వెనక్కూ ఎంత జరుగుతోందో చూడండి.

మీ హెరాల్డ్‌లో ఉన్నలాంటి ట్రయంఫ్ చిన్న నాలుగు సిలిండర్ల ఇంజన్లలో క్రాంక్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపేది వెనక మెయిన్ బేరింగ్ దగ్గరుండే రెండు అర్ధచంద్రాకారపు థ్రస్ట్ వాషర్లు మాత్రమే. క్లచ్ తొక్కిన ప్రతిసారీ క్రాంక్ రేడియేటర్ వైపు నెట్టబడుతుంది, ఆ ఒత్తిడంతా వెనక వాషర్ మీద పడుతుంది. అది బాగా పల్చబడితే గాడిలోంచి జారి సంప్‌లో (ఇంజను అడుగున నూనె తొట్టిలో) పడుతుంది. ఆ తర్వాత క్రాంక్ నేరుగా బ్లాకునీ బేరింగ్ క్యాపునీ రాసేస్తుంది. అక్కడితో ఆ బ్లాకు పని అయిపోయినట్టే. మీ బండిలో ఆర్‌సీ నంబరు ఉన్నది ఆ బ్లాకు మీదే.

పరీక్ష పది నిమిషాల పని. ఇంజను ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, బానెట్ ఎత్తండి. హెరాల్డ్ ముందు భాగమంతా ఒకే ముక్కగా ముందుకు ఒరిగిపోతుంది కాబట్టి పుల్లీ కళ్ల ముందే ఉంటుంది. ఇంకొకరిని క్లచ్ తొక్కి వదలమని చెప్పి పుల్లీ అంచునే చూడండి. కంటికి కనిపించేలా ముందుకొచ్చి వెనక్కి పోతుంటే బండి ఇక నడపకండి. కొలవాలంటే మాగ్నెట్ స్టాండు ఇంజను ముందు ప్లేటుకి పట్టించి, డయల్ గేజ్ ముల్లు పుల్లీ ముఖానికి ఆనించండి. 0.10 నుంచి 0.20 మి.మీ. దాకా పర్వాలేదు. అది దాటితే వాషర్లు మార్చాలి. కొలత తెలిసేదాకా సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కి పట్టుకునే అలవాటు మానండి, న్యూట్రల్ చేసి కాలు తీసేయండి.

రెండోది ముందు ట్రనియన్లు, అంటే స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం తిరిగే కింది కీళ్లు. నిలువు లింకు కింది కొస మర స్టీలుది, అది దిగే ట్రనియన్ ఇత్తడిది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ మర ఇత్తడిలో తిరుగుతుంది. దానికి వేయాల్సింది గ్రీజు కాదు, ఈపీ 90 గేర్ ఆయిలు. మన దగ్గర నిపుల్ కనబడితే చాలు, గ్రీజు గన్ పెట్టేస్తారు. గ్రీజు మర గాడుల్లో గట్టిపడి, లోపలికి నూనె పోనివ్వదు. పై సీలు దగ్గర నీళ్లు నిలిచి స్టీలు తుప్పు పడుతుంది. చెన్నై సముద్రపు గాలికి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. ఒకరోజు పార్కింగ్‌లో స్టీరింగ్ తిప్పుతుండగా లింకు తెగి చక్రం మడ్‌గార్డు కిందికి మడుచుకుపోతుంది. పార్కింగ్‌లో అయితే అదృష్టం.

విప్పి చూడండి. కిరోసిన్‌తో కడిగి, మర మొదలయ్యే చోట, అంటే ట్రనియన్ పైఅంచు ఆనే వరుస దగ్గర, గోరుతో చుట్టూ గీయండి. నున్నగా పోతే సరే. చిన్న గుంటలో గోరు తట్టుకుంటే ఆ లింకు పనికిరాదు, ఎంత మెరిసేలా పాలిష్ చేసినా సరే. అనుమానముంటే డై పెనిట్రెంట్ స్ప్రే కొట్టండి: శుభ్రం చేసి, ఎర్ర రంగు కొట్టి, పది పదిహేను నిమిషాలు ఆగి, తుడిచేసి, తెల్ల డెవలపర్ కొడితే పగులున్నచోట ఎర్రగీత బయటపడుతుంది. బిగించేటప్పుడు ట్రనియన్‌ని చివరిదాకా తిప్పి, అక్కడి నుంచి ఒక చుట్టు లోపే వెనక్కి తిప్పి సరిపెట్టాలి. చివరిదాకా బిగించి వదిలేస్తే పూర్తి లాక్‌లో మర పట్టేస్తుంది. కుడిదీ ఎడమదీ ఒకటి కావు, ఒకవైపు మర ఎడమ చుట్టు, కలిపేయకండి. తర్వాత ఆయిల్ గన్‌తో పై సీలు దగ్గర నూనె ఊరేదాకా కొట్టండి. 10,000 కిలోమీటర్లకోసారి చాలంటారు గానీ, ఇక్కడ ఐప్పసి (అక్టోబరు, నవంబరు) వానలకు ముందొకసారి, తర్వాతొకసారి తప్పదు.

బ్రేకులు. 948 ఇంజనుతో గంటకు 80 లోపు పోయేవాళ్లకు, 8 అంగుళాల ముందు డ్రమ్ములు గుండ్రంగా ఉండి, షూలు డ్రమ్ము వంపుకి సరిగ్గా రుద్ది కూర్చోబెట్టి ఉంటే, ఈసీఆర్‌కి సరిపోతాయి. ఏలగిరి దిగేటప్పుడు మాత్రం వేడెక్కి పెడల్ గట్టిగా ఉన్నా బండి ఆగదు. ఘాట్ ఎక్కుతారు కాబట్టి నేను డిస్కులే వేయమంటాను. స్పిట్‌ఫైర్‌కి మొదటి నుంచీ ముందు డిస్కులే, అదే కుటుంబపు సస్పెన్షన్. కాలిపర్, దాని బ్రాకెట్, హబ్బు, స్టబ్ యాక్సిల్ మొత్తం ఒకే సెట్‌గా తీసుకోండి. ఒక్కో ముక్క ఒక్కో చోట కొంటే కాలిపర్ మధ్యకు డిస్కు రాదు, లేత్ మీద షిమ్ములు కొట్టించుకుంటూ నెల గడిచిపోతుంది. మాస్టర్ సిలిండర్ డ్రమ్ములకోసం చేసినదైతే అందులో కొంత ఒత్తిడి నిలిపి ఉంచే వాల్వు ఉండొచ్చు. అది ఉన్నంతకాలం డిస్కు ప్యాడ్లు పట్టుకునే ఉంటాయి, పది కిలోమీటర్లకే హబ్బు కాలిపోతుంది. సీళ్లు పెట్రోలుతో కడగకండి, రబ్బరు ఉబ్బుతుంది. ఫ్లూయిడ్ డాట్ 4.

అలాయ్‌ల మాట మరిచిపోండి. స్విఫ్ట్ చక్రం బోల్టుల వలయం 100 మి.మీ., హెరాల్డ్‌ది 95.25. రంధ్రాన్ని కోలగా రాకి బిగిస్తే నట్టు వాలు చక్రంలో కూర్చోదు, మీ స్టడ్లేమో 3/8 అంగుళం సన్నవి. అవి తెగుతాయి. పాత స్టీలు చక్రాలకే 145/80 ఆర్13 టైర్లు పట్టిస్తే బాగుంటుంది.

అడయార్_కమాన్:

లేత్ అన్న చెప్పినదానికి నాది వెనక సస్పెన్షన్ చేర్పు. ఆ రెండు పట్టీలు వేయించకండి, దయచేసి.

హెరాల్డ్ వెనక స్వింగ్ యాక్సిల్. ఒక్కో హాఫ్ షాఫ్టుకి డిఫరెన్షియల్ పక్కన ఒకే యూజే (యూనివర్సల్ జాయింట్), చక్రం దాని చుట్టూ ఊగుతుంది. అడ్డంగా ఉన్న ఒకే కమాన్ కట్ట రెండు చక్రాలనూ మోస్తుంది. వెనక భాగం పైకి లేచిందంటే చక్రాల అడుగు లోపలికి జరుగుతుంది, అంటే పాజిటివ్ క్యాంబర్. మలుపులో వేగంగా వెళ్తూ భయపడి యాక్సిలరేటర్ వదిలారనుకోండి, బరువు ముందుకు పోతుంది, వెనక లేస్తుంది, బయటి చక్రం బండి కిందికి మడుచుకుంటుంది, తోక బయటికి వచ్చేస్తుంది. అదనపు పట్టీలు వేస్తే బండి నిలబడినప్పుడే ఆ స్థితికి సగం దూరం చేరినట్టు. దిగిపోయిన కట్ట చూపుకి బాగోదు గానీ, ఈ విషయంలో ఎత్తైన కట్టకంటే క్షేమం.

చేయాల్సింది: కట్ట దింపి, పట్టీల మధ్య తుప్పు తీసి, కొనల దగ్గర అరిగిన ప్యాడ్లు మార్చి, అసలు వంపుకి మాత్రమే తిప్పించండి. ఇద్దరు కూర్చున్నాక వెనక చక్రాలు నిటారుగా, లేదా పైన కొద్దిగా లోపలికి ఉండాలి. దాని కంటే ఎత్తు వస్తే కట్టకీ డిఫరెన్షియల్‌కీ మధ్య లోయరింగ్ బ్లాక్ పెట్టొచ్చు, స్టడ్లు పొడవైనవి వేసి.

ఇంకా మంచిది 1970 తర్వాతి స్పిట్‌ఫైర్‌లో వచ్చిన స్వింగ్ స్ప్రింగ్. అందులో ఒక్క పట్టీ మాత్రమే గట్టిగా బిగించి ఉంటుంది, మిగతావి పెట్టెలో ఊగుతాయి. మలుపులో వెనక భాగం లేచి చక్రం కిందికి మడుచుకోవడం తగ్గుతుంది. అయితే వెనక వైపు ఒరుగుడు ఆపే శక్తి తగ్గుతుంది కాబట్టి ముందు యాంటీరోల్ బార్ లావుది వేయాల్సిందే. ఒకటి వేసి రెండోది వాయిదా వేస్తే బండి పడవలా ఒరుగుతుంది.

గాలి సంగతి ఎవరూ పట్టించుకోరు. బంకులో నాలుగింటికీ 30 కొట్టేస్తారు. ఇంజను ముందున్నా ఈ బండికి వెనకే ఎక్కువ గాలి కావాలి. స్పిట్‌ఫైర్‌కి రేడియల్ టైర్లతో ముందు 21, వెనక 26 పీఎస్‌ఐ. ఆ 5 తేడా ఉండాలి. అంకెలు కాస్త పెంచుకున్నా తేడా పోనివ్వకండి.

ట్విన్‌ఎస్‌యూ_మైలాపూర్:

కమాన్ గారూ, ఒక్క దగ్గర నేను విభేదిస్తాను. 948కి స్వింగ్ స్ప్రింగ్, లావు బార్ రెండూ విదేశం నుంచి తెప్పించే ఖర్చు కంటే సరైన ఎత్తు, సరైన గాలితో మొదలుపెట్టడం మేలు. ఇంజను బలం పెరిగాక ఆలోచించొచ్చు.

ఇక కార్బ్యురేటర్లు. ఇంగ్లండులో హెరాల్డ్ 948 సెలూన్ ఒక్క సోలెక్స్‌తో 34.5 హార్స్‌పవర్ ఇచ్చేది, అదే 948 కూపే జంట ఎస్‌యూలతో దాదాపు 45. కానీ ఆ తేడా అంతా కార్బ్యురేటర్లది కాదు, కంప్రెషన్ 8.5కి పెంచారు, క్యామ్ కూడా వేరు. హెడ్ ముట్టుకోకుండా జత తగిలిస్తే శబ్దం బాగుంటుంది, బండి మాత్రం కొంచెమే కదులుతుంది.

కంప్రెషన్ లెక్క సులువు. ఒక సిలిండర్ 63 మి.మీ. బోరు, 76 మి.మీ. స్ట్రోకు, అంటే 237 సీసీ. 8.5 కావాలంటే పైన మిగిలే ఖాళీ మొత్తం 31.6 సీసీ ఉండాలి. 9 కావాలంటే 29.6. రెండిటికీ తేడా 2 సీసీ, ఒక చిన్న సిరంజి అంత. అందుకే కళ్లతో చూసి హెడ్ గీయించకూడదు. వాల్వులు బిగించి, ఛాంబర్ మీద రంధ్రమున్న అక్రిలిక్ పలక గ్రీజుతో అంటించి, బ్యూరెట్‌తో కిరోసిన్ పోసి నాలుగూ కొలవండి. గాస్కెట్ మందం, పిస్టన్ పైన మిగిలే ఖాళీ కూడా కలపాలి. చెన్నై మే నెల వేడికి 8.5 దగ్గర ఆగమని నా సలహా.

ఆ మానిఫోల్డు కొనేముందు మీ హెడ్‌కి సరిపోయే మానిఫోల్డు గాస్కెట్ తీసుకెళ్లి ఆనించి చూడండి. 1296 సీసీ స్పిట్‌ఫైర్ మార్క్ 3 హెడ్‌కి 8 పోర్టులు. దానికి ముందువాటికి ఇన్‌టేక్ పోర్టులు జంటలుగా కలిసి 6. ఒకదాని మానిఫోల్డు ఇంకొకదానికి కూర్చోదు.

కార్బ్యురేటర్ల స్పిండిల్ అటూ ఇటూ కదిపి చూడండి. లొడలొడలాడితే గాలి లోపలికి పోతుంది, ఎంత ట్యూన్ చేసినా ఐడిలింగ్ నిలవదు. లేత్ మీద బుష్ వేయించాకే మిగతా పని. తర్వాత జెట్ నట్టు పూర్తిగా పైకి బిగించి, 12 ఫ్లాట్లు, అంటే రెండు చుట్లు, కిందికి దించి మొదలుపెట్టండి. ఇంజను బాగా వేడెక్కాక ఒక అడుగు రబ్బరు గొట్టం చెవికి పెట్టుకుని రెండో కొస ఒక్కో నోటి దగ్గర పట్టండి. రెండింటి బుస ఒకేలా వినిపించేదాకా ఐడిల్ స్క్రూలు సరిచేయండి. ఆపైన ఒక్కో కార్బ్యురేటర్ పిస్టన్‌ని 1 మి.మీ. కంటే తక్కువే పైకెత్తండి. ఇంజను వేగం పెరిగి అలాగే ఉంటే రిచ్ (పెట్రోలు ఎక్కువ), నట్టు ఒక ఫ్లాట్ పైకి. పడిపోతుంటే లీన్ (పెట్రోలు తక్కువ), ఒక ఫ్లాట్ కిందికి. ఒక్కక్షణం కొంచెం పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిపోయింది. వాల్వు సందు చల్లగా ఉన్నప్పుడు 0.010 అంగుళం, పాయింట్లు 0.015, ప్లగ్గు 0.025. ఇవి సరిగా లేకుండా కార్బ్యురేటర్ ముట్టుకోవద్దు.

ఇప్పుడు పోసుకునేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. దానికి గాలి నిష్పత్తి 14.7 కాదు, దాదాపు 13.5. కాబట్టి పాత పుస్తకంలోని సెట్టింగ్ లీన్ అవుతుంది, ప్లగ్గు తెల్లగా వస్తుంది. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను లోపలి నుంచి పొరలుపొరలుగా ఊడదీస్తుంది, ఆ నల్లపొడి ఫ్లోట్ సూది దగ్గర ఇరుక్కుని కార్బ్యురేటర్ పొంగుతుంది. రెండు ఎస్‌యూలూ ఎగ్జాస్ట్ మానిఫోల్డు పైనే ఉంటాయని మరవకండి. గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునేవి, సూది కొస వైటన్‌ది, పంపు డయాఫ్రం కొత్తది, కార్బ్యురేటర్ల కింద వేడి ఆపే రేకు. ఎలక్ట్రిక్ పంపు వేస్తే 3 పీఎస్‌ఐ దాటకూడదు. బండి బోర్లాపడితే పంపు ఆగే స్విచ్చు కూడా పెట్టండి.

ఎలక్ట్రిక్ ఫ్యాను వేద్దామనుకునే ముందు డైనమో చూడండి. లూకాస్ సీ40 గరిష్ఠం 22 ఆంపియర్లు, అదీ మంచి వేగంలో. హెడ్‌లైట్లకు 9, ఫ్యానుకు 8, ఇగ్నిషన్‌కు 3 నుంచి 4. రాత్రి గిండీ సిగ్నల్ దగ్గర నిలబడితే బ్యాటరీ దిగిపోతుంది. ఆల్టర్నేటర్ వేస్తే ముందు పాజిటివ్ ఎర్తా, నెగెటివ్ ఎర్తా చూసుకోండి. తిరగేసి కలిపితే డయోడ్లు అక్కడికక్కడే పోతాయి.

ఈసీఆర్ మీద మీకు నిజంగా హాయినిచ్చేది వేరే ఉంది, డిఫరెన్షియల్. ఇంగ్లండు 948 సెలూన్ నిష్పత్తి 4.875, తొలి స్పిట్‌ఫైర్లది 4.11. ఆ 145/80 టైరుతో, టాప్ గేరులో 4,000 ఆర్‌పీఎం దగ్గర 4.875 అయితే గంటకు 87 కిలోమీటర్లు, 4.11 అయితే 103. అదే 85 వేగంలో ఇంజను 3,900 బదులు 3,300 మీద తిరుగుతుంది, గోల తగ్గుతుంది. ఏలగిరి ఎక్కేటప్పుడు మాత్రం ఒక గేరు దించాల్సి వస్తుంది. ఇది ఛాసిస్‌కి విడిగా బోల్టులతో బిగించిన యూనిట్, మార్చడం కష్టం కాదు. మీ దాంట్లో ఏముందో తెలియాలంటే ఒక వెనక చక్రం మాత్రం జాకీతో లేపి, న్యూట్రల్‌లో ఆ చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ప్రొపెల్లర్ షాఫ్టు తిరిగిన చుట్లే నిష్పత్తి. నేల మీదున్న చక్రాలకు రాళ్లు పెట్టడం మరవకండి.

వండలూరు_గేటు:

ఇంజను, ఛాసిస్ విషయం నేను చెబుతాను. ఈ బళ్లు 1961 నుంచి స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు మద్రాసులో కట్టినవి, బాడీ గీత ఇటలీకి చెందిన మికెలోట్టిది. జీఎస్‌టీ రోడ్డు పక్కన పుట్టిన బండి చెన్నైలో మిగిలి ఉండటమే గొప్ప. దానికి ఎస్టీమ్ ఇంజను పెడితే చట్టం కూడా ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు స్పష్టంగా ఉంది, తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు.

ఛాసిస్ కోసి స్పిట్‌ఫైర్ చేద్దామనే ఆలోచన వస్తే అదీ వద్దు. హెరాల్డ్ వీల్‌బేస్ 91.5 అంగుళాలు, స్పిట్‌ఫైర్‌ది 83. ఆ ఎనిమిదిన్నర అంగుళాలు తీసేశాక అతికేది బండి వెన్నెముకని.

మీ బండి 1967ది, 50 ఏళ్లు దాటింది. 2021 జులైలో వచ్చిన వింటేజ్ నిబంధనల కింద రిజిస్టర్ చేసుకోవచ్చు. నంబరు ప్లేటులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్ 20,000 రూపాయలు, 10 ఏళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్ 5,000. షరతు ఏమిటంటే ఛాసిస్, బాడీ షెల్, ఇంజనుల్లో పెద్ద మార్పులు ఉండకూడదు, రోజువారీ తిరుగుడుకి వాడకూడదు. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు, మరమ్మతుల కోసం తిప్పుకోవచ్చు. మీ ఆదివారం ఈసీఆర్ షికారు దీనికిందికి వస్తుందో లేదో ముందు ఆర్‌టీవో ఆఫీసులో అడిగి, ఆ తర్వాతే దరఖాస్తు పెట్టండి.

అందుకే ప్రతి మార్పూ విప్పి పాతది పెట్టగలిగేలా ఉండాలి. సోలెక్స్, దాని మానిఫోల్డు, డ్రమ్ములు, పాత డిఫరెన్షియల్ అన్నీ నూనె రాసి చీటీ కట్టి దాచండి. బాడీకి కొత్త రంధ్రం ఒక్కటీ కొట్టకండి. పుదుపేటలో పాత సామానుకి అమ్మేశారంటే మళ్లీ దొరకవు.

అంచుదాకా నడిపి చూడాలనిపిస్తే ఈసీఆర్ దానికి చోటు కాదు. పాత షోలవరం ఎయిర్‌స్ట్రిప్ పందేలు ఆగిపోయాయి గానీ, ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మనకుంది. స్వింగ్ యాక్సిల్ ఎక్కడ జారుతుందో నేర్చుకోవాల్సింది అక్కడ.

క్రోంపేట_948:

అందరికీ ధన్యవాదాలండి. లేత్ అన్నా, డయల్ గేజ్ పెట్టి కొలిచాం. మూడుసార్లు కొలిచినా 0.44 మి.మీ. వచ్చింది. బండి అక్కడే ఆపేశాను. పుల్లీ ముందుకు రావడం కంటికే కనబడింది. ఇంజను దింపాలా?

కొరట్టూరు_లేత్:

దింపక్కర్లేదు తమ్ముడూ, ఇప్పుడు చూసుకున్నారు కాబట్టి. స్టార్ట్ మాత్రం చేయకండి, షెడ్డుకి తోసుకుపోండి.

ఆయిలు తీసి, సంప్ దించండి. అడుగున మాగ్నెట్ తిప్పి చూడండి. వాషర్ వెన్ను స్టీలుదే కాబట్టి, ముక్క పడి ఉంటే అంటుకుంటుంది. పడి లేకపోతే వెనక మెయిన్ బేరింగ్ క్యాప్ విప్పండి. వాషర్లు పైభాగంలో ఉంటాయి. ఒకవైపు కొసని సన్నటి ఇత్తడి పుల్లతో నెడుతూ క్రాంక్ చేత్తో తిప్పితే చుట్టూ తిరిగి రెండోవైపు నుంచి బయటికొస్తుంది. స్క్రూడ్రైవర్ వాడకండి, జర్నల్ మీద గీత పడుతుంది. రెండిటి మందం మైక్రోమీటర్‌తో కొలవండి, వెనకది బాగా పల్చగా ఉంటుంది. బ్లాకు ముఖాన్ని, క్యాప్ ముఖాన్ని వేలితో తడిమి చూడండి. మెట్టులాంటిది తగిలితే నాకు ఫొటో పంపండి, అప్పుడు క్రాంక్ తీయక తప్పదు.

నున్నగా ఉంటే కొత్తవి వేయొచ్చు. మామూలు సైజువి పెట్టి మళ్లీ కొలవండి. ఇంకా 0.20 దాటుతుంటే వెనక వైపు 0.005 అంగుళం ఓవర్‌సైజు పెట్టండి. 0.10 నుంచి 0.15 మధ్య వచ్చేలా చూసుకోండి. నూనె గాడులున్న ముఖం క్రాంక్ వైపు ఉండాలి, బ్లాకు వైపు కాదు. తిరగేసి పెట్టిన ఇంజన్లు రెండువేల కిలోమీటర్లకే మళ్లీ ఇదే కొలతకి వస్తాయి. క్యాప్ బిగించే ముందు ఆ గాడులు కనబడేలా ఒక ఫొటో తీసి ఇక్కడ పెట్టండి.